పారిష్ రికార్డులూ, నా కడుపుమంటా

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఆంటీ, పాత ఇంగ్లిష్ చేతిరాత చదవడం కష్టమా?" అని. కష్టమే, కానీ కొన్ని నెలలు కళ్ళు అరగదీసుకుంటే వచ్చేస్తుంది. అసలు కష్టం వేరే ఉంది, అది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. ఈ పని చేసినన్నాళ్ళూ మీకు కుళ్ళు పుడుతుంది. పక్కవాడి జీతం చూసి కాదు, పక్కవాడి ముత్తాతకు ముత్తాతను చూసి. నాకైతే ఇరవై ఏళ్ళకు పైగా పుట్టింది. రిటైరయ్యాక తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు.

నా ఉద్యోగం అమెరికావాళ్ళ పూర్వీకులను ఇంగ్లండ్‌లో వెతికిపెట్టడం. శాంటా క్లారాలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మా చిన్న ఆఫీసు ఉండేది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు, దాని చుట్టూ ఉన్న పల్లెలు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినా, జంటకు పెళ్ళి చేసినా, మనిషిని పాతిపెట్టినా అక్కడి పాదిరి ఒక వరుస రాసిపెట్టాలి. అలా వందల ఏళ్ళు రాశారు. మేం ఆ వరుసలను ఒకదానితో ఒకటి ముడివేసుకుంటూ వెనక్కి వెళ్ళేవాళ్ళం. మొదట్లో మైక్రోఫిల్ము తిప్పేవాళ్ళం, తర్వాత కంప్యూటర్ స్క్రీన్ మీద చూసేవాళ్ళం. నేను ఇంగ్లండ్‌లో ఒక్కసారీ అడుగుపెట్టలేదు. కానీ అక్కడి పల్లెల్లో ఎవరి పిల్ల ఎవరింటి కోడలైందో మా ఊరి సంగతులకన్నా నాకు బాగా తెలుసు.

నా పేరు తవిటమ్మ. ఆఫీసులో టావీ అనేవారు. మా శ్రీకాకుళం వైపు ఈ పేరు వింటే ఎవరూ అర్థం అడగరు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను మంత్రసాని చేతిలో పెట్టి, చేటెడు తవుడు కొలిచి ఇచ్చి తిరిగి కొనుక్కుంటారు. ఇది పనికిమాలిన సరుకు, దీన్నెవరు ఎత్తుకుపోతారు అని చావును ఏమార్చడం అన్నమాట. మా బాస్ జానెట్‌కి ఇదంతా చెప్పలేక, తవుడుకు ఇంగ్లిష్ మాట ఒక్కటీ చెప్పి ఊరుకున్నాను. "ఓ, ఆరోగ్యానికి చాలా మంచిది కదా!" అంది ఆవిడ.

నా తర్వాత నాలుగేళ్ళకు పుట్టిన మా చెల్లెలి పేరు హైమవతి. అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే మా బడిలో హాజరు పిలిచేటప్పుడు మాస్టారు ఆ పేరును పాటలా సాగదీసేవారు. నా పేరు రాగానే వెనక బెంచీల్లో కిసుక్కుమనేవారు. ఒకే ఇంట్లో, ఒకే అమ్మకు పుట్టి, దానికి ఆ పేరేమిటి, నాకీ పేరేమిటి అని నేను ఏడవని రోజు లేదు. అమ్మను అడిగితే, "నీ పేరే నిన్ను బతికించిందే" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాకంటే ముందు కొందరు పుట్టి పోయారని నా పేరే చెబుతోంది. ఎందరు, ఎవరు అన్నది అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. నా గోలంతా చెల్లెలి పేరు గురించే.

కూలీవాడి దర్జా

మా ఆయన వీసా మీద ఈ దేశం వచ్చి, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఇంట్లోనే కూర్చున్నాను. అంతకుముందు జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పేదాన్ని. జానెట్ నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ హిస్టరీ చూసి కాదు. ఇంటర్వ్యూలో ఒక పాత పేజీ ఇచ్చి చదవమంటే, సగం చదివి, మిగతా సగం నాకు తెలియడంలేదని చెప్పాను. "నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా మిగతా సగం కల్పించారు" అంది ఆవిడ. ఆవిడ నోరు మంచిది కాదు, ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. కానీ తెలియదన్న మాటను అంత గౌరవించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఈ పనిలో మీకు అలాంటి బాస్ దొరికితే జీతం గురించి బేరమాడకండి.

కస్టమర్లు రాజుల కోసం వస్తారు, కూలీలను తీసుకుని వెళ్తారు. ఇది ముందే చెప్పేయండి. శాంటా క్లారాలోనే ఇంకో ఆఫీసువాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఒక ప్రభువును అంటగట్టేవారు. అది వంశవృక్షం కాదు, వేషం కట్టడం. నా కస్టమర్లలో ప్రభువులు ఎవరూ తేలలేదు. నాగలి దున్నినవాళ్ళు, గొర్రెలు కాసినవాళ్ళు, పెళ్ళి రోజున సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టినవాళ్ళు తేలారు.

నా కడుపు మండింది సరిగ్గా అక్కడే. ప్రభువుల పేర్లు మిగిలాయంటే సరే, వాళ్ళకు కోటలున్నాయి. ఈ పాలేరు విలియమ్‌కి ఏముందని రెండు వందల యాభై ఏళ్ళు పేరు మిగలాలి? వాడి పెళ్ళాం పేరు, వాడి పిల్లల పేర్లు, ఏ ఆదివారం ఎవరికి బాప్తిస్మం అయిందో కూడా ఉంది. మా ముత్తవ్వను ఊరంతా ముసలమ్మ అనే పిలిచారు. ఆవిడ అసలు పేరు ఆవిడతోనే పోయింది. గోత్రం చెప్పమంటే ఠక్కున చెబుతాను, నాలుగో తరం ఆడమనిషి పేరు చెప్పమంటే నోరు వెళ్ళబెడతాను. కస్టమర్లు చార్ట్ చేతిలో పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే టిష్యూ పెట్టె అందించేదాన్ని. లోపల మాత్రం పళ్ళు నూరుకునేదాన్ని.

జబ్బ మీద పచ్చబొట్టు

హ్యారిస్ గారు శాన్ హోసేలో ప్లంబింగ్ పని చేసి రిటైరైన మనిషి. ఆయన వంశం డార్సెట్ కౌంటీలో ఒక చిన్న పారిష్ నుంచి వచ్చింది. వెనక్కి వెళ్ళగా వెళ్ళగా థామస్ అనే మనిషి దగ్గర రెండు బాప్తిస్మాలు తేలాయి. రెండేళ్ళ తేడాతో ఇద్దరు థామస్‌లు. ఇద్దరికీ తండ్రి విలియం, తల్లి మేరీ.

తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు నేను అక్కడ చేశాను. మా ఇళ్ళల్లో తాత పేరును కొడుకులందరూ తమ పెద్దకొడుక్కి పెడతారు. మా పెదనాన్న కొడుకూ సూర్యనారాయణే, మా బాబాయి కొడుకూ సూర్యనారాయణే. పెద్ద సూరి, చిన్న సూరి. వీళ్ళూ అంతేనని, అన్నదమ్ముల పిల్లలై ఉంటారని తేల్చేశాను. విలియమ్‌లకూ మేరీలకూ ఆ ఊళ్ళో కొదవేం లేదు కదా. రికార్డుల్లో వయసు కాస్త అటూ ఇటూ ఉంది, దాన్నీ సర్దేశాను. ముందు పుట్టినవాడే హ్యారిస్ గారి పూర్వీకుడని రిపోర్ట్ రాసి పంపేశాను.

జానెట్ ఊరినుంచి వచ్చి ఆ రిపోర్ట్ చూసింది. "టావీ, ఈ పిల్లవాడిని పాతిపెట్టావా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "బాప్తిస్మం దొరకగానే సంబరపడకు. ముందు వాడు చచ్చిపోలేదని తేల్చుకో. మన పనిలో పుట్టించే ముందు పాతిపెట్టాలి." ఆవిడే సమాధుల పేజీ తెరిచింది. మొదటి థామస్ నడక రాకముందే పోయాడు. తర్వాత పుట్టిన కొడుక్కి అదే తల్లీతండ్రీ మళ్ళీ అదే పేరు పెట్టుకున్నారు.

"చచ్చిపోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టడమా? మావాళ్ళలో ఎవరూ అలా చేయరు" అని వాదించాను.

"ఆ తల్లికి ఆ పేరంటే ఇష్టం, టావీ. అంతే" అంది జానెట్.

హ్యారిస్ గారికి చెప్పాల్సింది నేనే. ఆయన ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మొదటి థామస్ పేరూ బాప్తిస్మం తేదీ జబ్బ మీద పచ్చబొట్టు పొడిపించుకుని ఉన్నాడు. ఆయన చాలాసేపు దాన్నే చూసుకుని, "పోన్లెండి, ఈ బుడ్డోడిని తలుచుకునేవాళ్ళు కూడా ఒకరు ఉండాలి కదా" అన్నాడు. చెరిపించుకోలేదు. రెండో థామస్‌ను ఇంకో జబ్బ మీద పొడిపించుకున్నాడు.

ఆయన మంచితనానికి నేను కదిలిపోవాలి. కదిలాను కూడా. కానీ ఇంటికి డ్రైవ్ చేస్తుంటే, నిజం చెబుతున్నాను, ఆ చచ్చిపోయిన పసివాడిని చూసి కుళ్ళుకున్నాను. ఎక్కడో ఏడాది బతికినవాడికి శాన్ హోసేలో ఒక జబ్బ దొరికింది. మా ఇంట్లో పోయినవాళ్ళకు పేర్లున్నాయో లేవో కూడా నాకు తెలియదు.

ఇంటర్నెట్లో దొరికే వంశవృక్షాల గురించి ఇక్కడే ఒక మాట. ఒకడు తప్పు గీస్తాడు, వందమంది అది కాపీ చేస్తారు. వందమంది చెప్పారు కాబట్టి నిజమేనని నూట ఒకటోవాడు డబ్బు కట్టి మన దగ్గరికి వస్తాడు. వాటిని దారి చూపడానికి వాడుకోండి, సాక్ష్యంగా పెట్టకండి. నా తప్పు రిపోర్టును కూడా హ్యారిస్ గారి బంధువులు ఈపాటికి ఎంతమంది కాపీ చేసుకున్నారో దేవుడికే తెలియాలి.

ఖాళీ ఉన్న చోట

జానెట్ నేర్పిన రెండో సూత్రం ఖాళీల గురించి. ఆ కాలంలో పెళ్ళయిన మరుసటి ఏడాదో ఆపై ఏడాదో ఒక బాప్తిస్మం ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకొకటి. మధ్యలో ఖాళీ కనిపిస్తే, వాళ్ళకు పిల్లలు పుట్టలేదని రాసేయకండి. సమాధుల పేజీలు తిప్పండి, పక్క పారిష్‌లో చూడండి, ఏటా బిషప్‌కి పంపిన నకళ్ళు చూడండి. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు, మీరింకా వెతకకపోవడం. ఈ ముక్క నేను కొత్తవాళ్ళందరికీ బల్ల గుద్ది చెప్పాను.

నిరుడు మా చెల్లెలు హైమ శాన్ రామన్ నుంచి ఫోన్ చేసింది. దాని కూతురు నీలకు సీమంతం. "అక్కా, ఊళ్ళోవాళ్ళందరికీ గీసిచ్చావు కదా, మనదొక ఫ్యామిలీ ట్రీ గీయవే. ఫంక్షన్ హాల్లో ఫ్రేమ్ కట్టి పెడదాం."

వెనకనుంచి నీల, "పెద్దమ్మా, ప్లీజ్! బేబీకి గిఫ్ట్. ఆల్ నేమ్స్ కావాలి. లేడీస్ నేమ్స్ కూడా" అంటోంది. పుట్టింది ఇక్కడే అయినా, ఆడవాళ్ళ పేర్లు అడగాలని దానికి తోచింది. అందుకే కాదనలేకపోయాను.

కూర్చుని గీయడం మొదలుపెట్టాను. అమ్మ, నాన్న, వాళ్ళ పెళ్ళి. కింద మొదటి బిడ్డ నేను. పెళ్ళికీ నాకూ మధ్య బోలెడంత ఖాళీ. నా ముందు కొందరు పోయారని నా పేరే చెబుతున్నా, అమ్మకు చిన్నప్పుడే పెళ్ళయింది, కాపురానికి ఆలస్యంగా వచ్చి ఉంటుందని ఇన్నాళ్ళూ సర్దేసుకున్నాను. ఎవరో కొత్తవాళ్ళు ఈ మాట రాసి తెస్తే కాగితం విసిరికొట్టి ఉండేదాన్ని. అమ్మా నాన్నా పోయారు. అడగడానికి మిగిలింది మా మేనత్త ఒక్కతే. నాన్నకు చెల్లెలు, తొంభైకి దగ్గరపడింది. ఇక్కడే అమెరికాలో, ఉత్తరాన బాతెల్ అనే ఊళ్ళో మా బావ దగ్గర ఉంటోంది. ఈవిడ కూడా పోతే ఆ ఖాళీ ఇక ఎప్పటికీ ఖాళీయే. వీడియో కాల్ చేశాను.

"ఒలే తవిటీ, నువ్వేనేటే? సిక్కిపోనావేటి?"

"బాగానే ఉన్నానత్తా. ఒకటి అడగాలి. అమ్మకు నాకంటే ముందు ఎంతమంది పుట్టారు?"

"సుబమా అని సీమంతం ఎట్టుకుని ఇప్పుడదెందుకే?"

"నీల బిడ్డకోసం అందరి పేర్లూ రాస్తున్నాను. ఖాళీ వదిలేస్తే తప్పు గీసినట్టే అత్తా."

అత్త కిటికీ వైపు తిరిగింది. బాతెల్‌లో వాన పడుతోంది. "ముగ్గురే. ఇద్దరు మగ గుంటలు, పేరెట్టే దాకా కూడా ఆగనేదు. ఆలకంటే ముందు ఆడగుంట. అది నడిసినాది. నా సంకలోనే పెరిగినాది. కాలికి గజ్జెలు కడితే ఇల్లంతా గలగల్లాడించీది. జొరమొచ్చి పోనాది."

"దాని పేరు?"

"హైమ."

పెద్దతనం, మనుషులు కలిసిపోతున్నారు అనుకున్నాను. "హైమ చెల్లెలత్తా. నేనడిగేది మొదటిదాన్ని."

"నాకు మతి పోనేదే! నాను సెప్పేది మొదటిదాన్నే. హైమవతి. మీ అమ్మ ముచ్చటపడి ఎట్టుకున్న పేరు. నువ్వు కడుపున పడ్డప్పుడు మల్లీ ఆడగుంట పుడితే ఆ పేరే ఎడతానన్నాది. మీ నాయనమ్మ పడనిస్తాదేటి? నువ్వు పుట్టగానే తవుడు కొలిసేసినాది. మీ అమ్మ గోడేపు తిరిగి తొంగున్నాది. నువ్వు బతికి బట్టకట్టినాక, మల్లీ ఆడగుంట పుడితే, అప్పుడింక ఎవురి మాటా ఇన్నేదు."

మావాళ్ళలో ఎవరూ అలా చేయరని జానెట్‌తో వాదించిన మనిషిని నేను. మా ఇంట్లోనే చేశారు. ఇంకొకరి పెళ్ళికీ పిల్లలకూ మధ్య ఖాళీ కనిపిస్తే సమాధులన్నీ తవ్వించిన నేను, మా ఇంట్లో హైమవతిని పాతిపెట్టి చూడలేదు.

ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు వచ్చింది మంటే. ఆ పేరు నాకోసం అనుకున్నది. రెండుసార్లు నా పక్కనుంచి పోయింది, ఒకసారి నాకు ముందు, ఒకసారి నా తర్వాత. మధ్యలో నాకు తవుడు మిగిలింది.

శాన్ రామన్ వంటింట్లో

చెల్లెలికి చెప్పాలా వద్దా అన్నది నన్ను వారం రోజులు తినేసింది. చెప్పకపోతే చార్ట్ అబద్ధం. చెబితే, అరవై ఏళ్ళు దాటిన మనిషికి నీ పేరు నీది కాదని చెప్పినట్టు. జానెట్ అయితే ఏమనేదో నాకు తెలుసు, కానీ జానెట్‌కి చెల్లెళ్ళు లేరు. ఇంకో మాట కూడా దాచను. చెప్పాలని నాకు లోపల ఎక్కడో ఉబలాటంగానే ఉంది. బడిలో మాస్టారు పాడిన ఆ పేరు దానిది కూడా కాదని ఒక్కసారి దాని మొహం మీద చెప్పాలని ఉంది.

సీమంతానికి రెండు రోజుల ముందు వెళ్ళాను. హైమ వంటింటి కౌంటర్ మీద పేరంటాళ్ళకిచ్చే గాజులు సైజులవారీగా సర్దుతోంది. నేను నిలబడే చెప్పేశాను. పోయిన అక్క గురించి, గజ్జెల గురించి, పేరు గురించి.

అది గాజులు సర్దడం ఆపలేదు. ఒక డజను దారంతో కట్టి పక్కన పెట్టింది. "నాకెవరూ చెప్పలేదక్కా. కానీ ఏదో ఉందని తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"అమ్మ హైమా అని పిలిచేది కదా. పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని. నన్ను చూసి, ఒక్క సెకను నా వెనక్కి చూసేది. ఎప్పుడూ అంతే. చిన్నప్పుడు నేనూ వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరున్నారా అని. కాలేజీకి వచ్చాక తిరగడం మానేశాను. అమ్మ మానలేదు."

హైమ ఇంకో డజను గాజులు లెక్కపెట్టి తీసింది.

"నిన్ను పిలిస్తే అలా కాదు. తవిటీ అంటే వీధి చివరికి వినబడేది. నువ్వు రాగానే నిన్నే చూసేది. తిట్టినా నిన్నే తిట్టేది. అక్కా, నీ మీద నాకెంత కుళ్ళుగా ఉండేదో నీకు తెలుసా?"

అరవై ఏళ్ళుగా నేను ఎవరిని చూసి కుళ్ళుకున్నానో ఆ మనిషి నన్ను చూసి కుళ్ళుకుంటూ బతికిందట. కళ్ళు తుడుచుకుందామంటే దాని ఇంట్లో టిష్యూ పెట్టె ఎక్కడుందో తెలియలేదు. హైమ పమిట చెంగు ఇచ్చింది.

సీమంతం రోజున చార్ట్ హాలు మధ్యలో పెట్టారు. నీల చేతుల నిండా గాజులతో దాని ముందు నిలబడి, తన అమెరికా యాసలో వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివింది. "హైమవతి. బేబీ బాయ్. బేబీ బాయ్. తవిటమ్మ. హైమవతి." అంతా చదివి, "మామ్, నీ నేమ్ ట్వైస్ ఉంది!" అని ఇటు తిరిగింది.

హైమ దానికి జవాబు చెప్పలేదు. నా పక్కకు జరిగి, ఎవరికీ వినబడకుండా, ఇంకా ఆ పాత కుళ్ళుతోనే నా చెవిలో అంది.

"చూశావా, నీ పేరు ఒక్కసారే వచ్చింది."